హస్రతులు మిగలని బతుకు

జనాజా వాకిట్లో ఉంటుంది. గుస్ల్, కఫన్ పూర్తయి ఉంటాయి. నలుగురూ భుజం పట్టబోయే ముందు ఇమామ్ సాబ్ గానీ, పెద్దకొడుకు గానీ ఒక మాట ప్రకటిస్తారు. మర్హూమ్ ఎవరికైనా బాకీ ఉన్నట్లయితే వచ్చి వారసులను కలవవలసిందని, లేదా అల్లాహ్ కోసం మాఫ్ చేయవలసిందని. సరిగ్గా అదే వేళకు లోపలి గదిలో ఎవరో ఒక పెద్దావిడ భార్య చెవి దగ్గరకు వంగి, "మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా, ఆయనకు భారం లేకుండా పోనీ" అంటుంది. ఏడుస్తున్న ఆ మనిషి తల ఊపుతుంది. ఊపక ఏం చేస్తుంది? గద్వాల మొహల్లాల్లోనైనా, వనపర్తి పట్నంలోనైనా, నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఈ రెండు దృశ్యాలూ మనందరం చూసినవే.

ముప్పై నలభై ఏళ్ల సంసారపు లెక్క రెండు నిమిషాల్లో తేలిపోయిందని మనం అనుకుంటాం. కానీ ఒక్కసారి ఆలోచించండి. బాకీ తీర్చవలసినవాడు మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడే ఆ ప్రకటన ఎందుకు చేయవలసి వస్తోంది? నిన్న మొన్నటి దాకా ఆయన మసీదుకు వచ్చాడు, హోటల్లో చాయ్ తాగాడు, శుక్రవారం సంతలో బేరాలాడాడు. అప్పుడు తేలని లెక్క ఇప్పుడెలా తేలుతుంది? చావు ముందు మనిషిని కుంగదీసే విచారాలను గురించి ఎన్నో ధర్మప్రసంగాలు విన్నాం. అయితే ఆ విచారాలు ఏ ఇంట్లో, ఏ కాగితం రాయకపోవడం వల్ల, ఏ మాట దాటవేయడం వల్ల పుడుతున్నాయో మనం ఎక్కువగా మాట్లాడుకోము. ఈ వారం దాని గురించే రెండు మాటలు.

మన ఇళ్లలో వాడే ఉర్దూలో రెండు పదాలున్నాయి. ఒకటి నదామత్, రెండోది హస్రత్. తెలుగులో రెండింటినీ పశ్చాత్తాపం, విచారం అని కలిపి చెప్పేస్తాం గానీ వాటి మధ్య చాలా దూరముంది. చేసిన తప్పుకు సిగ్గుపడి కుమిలిపోవడం నదామత్. పశ్చాత్తాపమే తౌబా అని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. అంటే నదామత్‌కు ఒక తలుపు ఉంది. దాన్ని తీసుకుని బయటకు రావచ్చు. హస్రత్ అలా కాదు. చేయగలిగిన కాలమంతా చేయకుండా ఉండి, ఇక చేయలేని రోజున గుండెలో మిగిలేది హస్రత్. దివ్య ఖుర్ఆన్ ప్రళయదినానికి ఎన్నో పేర్లు పెట్టింది. సూరా మర్యమ్ 39వ ఆయత్‌లో దానికున్న పేరు యౌముల్ హస్రత్, అంటే తీరని విచారాల దినం. పరలోకానికి సంబంధించిన ఆ పేరు ఇహలోకంలో మన ఇళ్లలో రోజూ వాడుకునే పదమే కావడం మనం గమనించవలసిన విషయం.

హస్రతులన్నీ ఒక్కలాంటివి కావు. వాన పడక పంట పోయింది, ఉద్యోగం చేతిదాకా వచ్చి జారిపోయింది, కొడుక్కి డాక్టరు సీటు రాలేదు. అలాంటి వాటి మీద "అలా చేసి ఉంటే", "ఇలా చేసి ఉంటే" అని రాత్రంతా పొర్లడం విశ్వాసి లక్షణం కాదు. ఆ 'ఉంటే' అనే మాట షైతాను పనికి దారి తెరుస్తుందని సహీహ్ ముస్లిం హదీసు మనల్ని హెచ్చరిస్తుంది. పాలమూరు ప్రజలకు ఇది ఒకరు చెప్పవలసిన పని లేదు. తరతరాలుగా కరువును భుజాన మోస్తూ, దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, ఎక్కడ కాలువ తవ్వినా అక్కడికి వెళ్లి తట్టలెత్తిన జిల్లా ఇది. 'పాలమూరు లేబర్' అనే మాటే దేశమంతటా ఒక పేరుగా స్థిరపడిపోయింది. తమ చేతిలో లేనిదాన్ని అల్లాహ్‌కు వదిలి పని చూసుకోవడం ఇక్కడివారికి బాగా తెలుసు. మన చేతిలో ఉన్నదాన్ని కూడా అల్లాహ్ మీదికే నెట్టేయడమే అసలు చిక్కు. తీర్చగలిగిన అప్పు తీర్చకుండా "తఖ్దీర్" అనడం సబర్ కాదు.

ఆస్ట్రేలియాలో మరణశయ్య మీద ఉన్నవారికి సేవ చేసిన బ్రోనీ వేర్ అనే మహిళ, వారు చివరి రోజుల్లో పదేపదే చెప్పుకున్న ఐదు విచారాలను గురించి ఒక పుస్తకం రాశారు. 2012 నుంచి అది ఎన్నో దేశాల్లో ఎంతోమంది చదివిన పుస్తకం. నాకు నచ్చినట్టు బతకలేకపోయాను, అతిగా పనిచేశాను, మనసులో మాట చెప్పలేకపోయాను, స్నేహితులను దూరం చేసుకున్నాను, సంతోషంగా ఉండనివ్వలేదు నన్ను నేను. స్థూలంగా ఇవీ ఆ ఐదూ. ఇందులో నిజం లేకపోలేదు. షార్జాలోనో, జెద్దాలోనో పదిహేనేళ్లు డ్యూటీ చేసి, పిల్లలు ఎప్పుడు పెద్దవాళ్లయ్యారో తెలియక తిరిగి వచ్చిన తండ్రి రెండో విచారాన్ని వెంటనే గుర్తుపడతాడు. కానీ ఆ జాబితాను మరోసారి చూడండి. ఐదూ 'నేను' చుట్టూనే తిరుగుతాయి. ఒకరికి ఇవ్వవలసింది ఇవ్వలేదన్న మాట అందులో లేదు. మన ధర్మం మాత్రం మొదటి ప్రశ్న అక్కడే వేస్తుంది. హుఖూఖుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల హక్కుల సంగతి ఏమైందని. నమాజులో లోపాన్ని అల్లాహ్ తన దయతో క్షమించవచ్చు. తోటివాడి సొమ్ము విషయంలో మాత్రం ఆ తోటివాడే క్షమించాలి. అందుకే మనకు మిగిలే హస్రతుల్లో ఎక్కువ భాగం మన సొంత కోరికలకు సంబంధించినవి కావు, మన దగ్గర నిలిచిపోయిన ఇతరుల హక్కులకు సంబంధించినవి.

ముందు అప్పు సంగతి. ఒక జనాజాను తెచ్చి నమాజు చేయించమని కోరినప్పుడు దైవప్రవక్త (స) మొదట అడిగింది, ఇతనికి బాకీ ఏమైనా ఉందా అని. మూడు దీనార్లు ఉందన్నారు. అయితే మీ సహచరునికి మీరే నమాజు చేసుకోండన్నారు ఆయన. అబూ ఖతాదా (రజి) ముందుకు వచ్చి ఆ బాకీ నాది అని పూచీ పడిన తర్వాతే ఆయన నమాజు చేయించారు. ఇది బుఖారీలో ఉన్న సంఘటన. మూడు దీనార్లు! మన కిరాణా ఖాతా, బీజ్ దుకాణం ఖాతా, బావమరిది దగ్గర చేబదులు, చిట్టీ పాడుకుని కట్టని వాయిదాలు, ఇవన్నీ కలిపితే ఎన్ని దీనార్లవుతాయో ఎవరికి వారే లెక్క వేసుకోవాలి.

ఖుర్ఆన్ మొత్తంలో అతి పొడవైన ఆయత్ నమాజు గురించో, ఉపవాసాల గురించో కాదు. అప్పును కాగితం మీద రాసుకోవడం గురించి. సూరా బఖరా 282వ ఆయత్ అది. రాయవలసిన తీరు, సాక్షులు ఎందరు, రాసేవాడు ఎలా ఉండాలి, చిన్నదైనా పెద్దదైనా రాయడంలో విసుగు పడవద్దని, అన్నీ అందులో ఉన్నాయి. మనం మాత్రం "అయినవాళ్ల మధ్య రాతకోతలేమిటి, నమ్మకం లేదా?" అంటాం. అయినవాళ్ల మధ్యే రాయాలి. బ్యాంకు తన బాకీ మరిచిపోదు. చాచా దగ్గర తీసుకున్నదే చాచా పోయాక మనకు గుర్తుండదు, మనం పోయాక మన పిల్లలకు తెలియదు. చెప్పుకోవలసిన ఆస్తి లేదా బాధ్యత ఉన్న ముస్లిం, వసీయత్ రాసి దగ్గర పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు చెబుతుంది. రెండు రాత్రులు అన్నమాట మన ప్రాంతానికి అతిశయోక్తిగా తోచకూడదు. 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగుళూరు నుంచి హైదరాబాదుకు వస్తున్న బస్సు కొత్తకోట దగ్గర పాలెం వద్ద కల్వర్టును గుద్దుకుని తగలబడితే 45 మంది నిద్రలోనే కాలిపోయారు. ఎవరు ఎవరో తెలుసుకోవడానికి డీఎన్‌ఏ పరీక్షలు చేయవలసి వచ్చింది. దీపావళికి ఇళ్లకు చేరుకుంటున్నవారూ, పెళ్లిళ్ల పనుల మీద వస్తున్నవారూ అందులో ఉన్నారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2009 అక్టోబరు మొదట్లో కృష్ణ, తుంగభద్ర ఉప్పొంగి అలంపూర్, రాజోలి మునిగినప్పుడు మనుషులు ప్రాణాలు దక్కించుకున్నా ట్రంకు పెట్టెల్లోని కాగితాలు దక్కలేదు. కాగితం రాయడమే కాదు, దాని నకలు ఒకటి మరో ఊళ్లో నమ్మకమైనవారి దగ్గర ఉండాలన్నది ఆ వరద నేర్పిన సంగతి.

రెండో సంగతి మహర్. మొదట చెప్పుకున్న లోపలి గది దృశ్యం గురించి మా అభిప్రాయం దాచుకోదలచుకోలేదు. అది దుఃఖంలో ఉన్న స్త్రీ మీద చేసే బలవంతం. ఆమె తనంతట తాను సంతోషంగా కొంత వదులుకుంటే భర్త దాన్ని హాయిగా అనుభవించవచ్చని సూరా నిసా 4వ ఆయత్ అనుమతిస్తుంది. శవం పక్కన, పదిమంది చుట్టూ చేరి అడిగితే తల ఊపడం సంతోషం ఎలా అవుతుంది? మహర్ ధర్మశాస్త్రం దృష్టిలో అప్పు. ఆస్తి పంచకముందే, మిగతా అప్పులతో సమానంగా చెల్లించవలసిన బాకీ. నికాహ్‌నామాలో రెండు మాటలుంటాయి. వెంటనే ఇచ్చేది ముఅజ్జల్, తర్వాత ఇచ్చేది మువజ్జల్. ఉర్దూ రాతలో ఒక్క అక్షరం తేడా. మన ఆచరణలో ఆ తేడా కూడా పోయి రెండూ 'ఎప్పుడో'గా మారిపోయాయి. పెళ్లిళ్లలో జోడే కీ రఖం అనే పేరుతో పిల్లవాడివైపు వారు తీసుకునేది లక్షల్లో ఉంటుంది, అది నగదు, అదే రోజున. పిల్లకు ఇవ్వవలసిన మహర్ కొన్ని వేలల్లో ఉంటుంది, అది అప్పు, ఎప్పటికో. షరీఅత్ చెప్పింది సరిగ్గా దీనికి తలకిందులు. మహరె ఫాతిమీ అంటే సుమారు ఒకటిన్నర కిలోల వెండి. అంత ఇవ్వాలని ఎవరినీ నిర్బంధించలేం. కానీ ఎంత రాశామో అది బతికుండగా చేతిలో పెట్టడానికి కష్టమేమిటి? నలభై ఏళ్ల క్రితం రాసిన ఐదు వందలు ఈనాడు ఒక మంచి గద్వాల చీర కొంగుకు కూడా చాలవు. ఆలస్యం చేసినవారు కనీసం దాని నేటి విలువ ఆలోచించి, ఆమెతో మాట్లాడి, ఆమె నిజంగా తృప్తిపడేలా తీర్చడం మంచిది.

ఇక అన్నింటికంటే బరువైన సంగతి, అక్కచెల్లెళ్ల వాటా. దీని దగ్గర కొంచెం ఆగవలసి ఉంది.

ఉహుద్ యుద్ధంలో సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయనకు ఇద్దరు ఆడపిల్లలు. ఆయన సోదరుడు ఆస్తి మొత్తం తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ వితంతువు పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) దగ్గరకు వచ్చి మొర పెట్టుకుంది. ఆస్తి లేనిదే వీళ్ల పెళ్లిళ్లు ఎలా అవుతాయని అడిగింది. ఆ తర్వాత వారసత్వ ఆయతులు అవతరించాయి. దైవప్రవక్త (స) ఆ పిల్లల చిన్నాన్నను పిలిపించి, కూతుళ్లిద్దరికీ మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నువ్వు తీసుకో అన్నారు. తిర్మిజీ, అబూ దావూద్ హదీసు గ్రంథాల్లో ఇది ఉంది. అంటే వారసత్వ చట్టం ఒక ఆడమనిషి ఫిర్యాదు వెంటే దిగి వచ్చింది. అటువంటి చట్టాన్ని చేతిలో పెట్టుకుని మనం ఆడపిల్లలకు ఏం చేస్తున్నాం?

లెక్క కష్టమేమీ కాదు. ఒక రైతుకు ఎనిమిది ఎకరాలుందనుకుందాం. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. అప్పులు, వసీయత్ తీర్చిన తర్వాత భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఒక ఎకరం. మిగిలిన ఏడింటిలో కొడుకుకు కూతురి వాటాకు రెట్టింపు చొప్పున, కొడుకులకు రెండేసి ఎకరాలు, కూతుళ్లకు ఒక్కో ఎకరం. సూరా నిసా 11, 12 ఆయతుల ప్రకారం పంపకం ఇంతే. మన ఊళ్లలో జరిగేది మాత్రం నాలుగు నాలుగు ఎకరాలు. తల్లి కొడుకుల పంచన, కూతుళ్లు అత్తారింట.

దీనికి ఒక చరిత్ర ఉంది, అది నీళ్ల చరిత్ర. ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న వేరుపడక ముందు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగాలే. ఆముదం, జొన్న, వేరుశనగ తప్ప మరొకటి పండని మెట్ట భూములు. ఎకరం అమ్మితే బర్రె కూడా రాని రోజుల్లో చెల్లెలు "నాకెందుకు భాయీజాన్, మీరే దున్నుకోండి" అనేది. అందులో ప్రేమ ఉంది, అన్న కష్టం చూసిన జాలి ఉంది. తర్వాత జూరాల వచ్చింది. 1981లో పునాది పడి, 1990ల మధ్యకాలానికి జలాశయం నిండింది. ఆపైన కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతల నీళ్లు చేరాయి. వరి మడులు వచ్చాయి. గద్వాల వైపు విత్తన పత్తి కంపెనీల ఆర్గనైజర్లు ఇంటింటికీ తిరగసాగారు. ఎకరం లక్షల్లో పలకడం మొదలైంది. 2018 నుంచి రైతుబంధు పేరుతో పట్టాదారు ఖాతాలో ఎకరానికి ఇంత అని సొమ్ము పడింది. చెల్లెలు వద్దన్నది బీడు భూమిని. అన్న దగ్గరున్నది తరి భూమి. ఆ పాత మాటను పట్టుకుని "నువ్వే వద్దన్నావు కదా" అనడం న్యాయమా?

ఇంకో సమాధానం తరచుగా వినబడుతుంది. "పెళ్లి చేశాం, జహేజ్ ఇచ్చాం, ప్రతి రంజానుకూ చీర పెడుతున్నాం, ఇంకేం వాటా?" అని. గద్వాల చీర గొప్పదే. పత్తి ఒంటికి పట్టు అంచును, కొంగును ఎంత నేర్పుగా కలుపుతారో అతుకు కనబడదు. కానీ ఎకరం పొలానికి చీర అతుకు ఎంత నేర్పుగా వేసినా కనబడుతూనే ఉంటుంది. జహేజ్ తండ్రి బతికుండగా తన ఇష్టంతో ఇచ్చిన కానుక, అది షరీఅత్ కోరింది కూడా కాదు. వాటా తండ్రి కూడా రద్దు చేయలేని హక్కు. వసీయత్ రాసి అయినా సరే ఒక వారసుని వాటా తీసి మరొకరికి పెట్టే అధికారం ఆయనకు లేదు. వారసులు కానివారికి, ధర్మకార్యాలకు మాత్రమే, అదీ మూడో వంతుకు మించకుండా వసీయత్ చేయవచ్చు.

అక్కచెల్లెళ్లు ఎందుకు అడగరు? అడిగితే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయం. మైకా ఒక్కటే ఆడదానికి ఎప్పుడైనా తిరిగి రాగలిగిన చోటు. భర్త పోయినా, తలాక్ అయినా, కోడలితో పడకపోయినా వచ్చి నాలుగు రోజులు తలదాచుకునే ఇల్లు. ఆ ఇల్లు పోగొట్టుకోవడం కన్నా ఎకరం పోగొట్టుకోవడం మేలని ఆమె లెక్క వేసుకుంటుంది. ఇది ఆమె తెలివితక్కువతనం కాదు, మనం ఆమె ముందు పెట్టిన బేరం. అక్కడక్కడా అన్నదమ్ములు తమంతట తామే వెళ్లి వాటా ఇచ్చి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. అటువంటి ఇళ్లలో పిల్లలు ఫూఫీ ఇంటికి సెలవులకు వెళ్తారు, పెళ్లి సంబంధాలు కలుస్తాయి. ఇవ్వనిచోట, అక్క కన్ను మూసిన తర్వాత అన్నలకు మొదలయ్యే బాధ ఉందే, దానికి మందు లేదు. ఆమె పిల్లలకు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. కానీ "తీసుకో ఆపా" అని ఆమె చేతికి ఇచ్చే అవకాశం మళ్లీ రాదు.

దూరదేశాల సంగతి కొద్దిగా. పొట్టకూటి కోసం వెళ్లడంలో దోషం లేదు. తల్లిదండ్రుల మట్టికి అందలేకపోవడం చాలామంది గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. 2020 మార్చి చివరి వారంలో విమానాలు ఆగిపోయినప్పుడు గల్ఫ్‌లో ఉన్న కొడుకులు ఫోను తెరమీదనే జనాజా చూశారు. అది వారి చేతిలో లేని విషయం. దాన్ని తమ తప్పుగా మోయనక్కరలేదు. అయితే విమానాలు నడిచిన పదేళ్లలో సెలవు దొరికినా, టికెట్టు డబ్బుతో మరో ప్లాటు వాయిదా కట్టుకున్నవారు మాత్రం కొంచెం ఆలోచించవలసిందే. అమ్మీ అడిగేది ప్లాటు కాదు. కాలం మారిన తీరు చూడండి, ఒకప్పుడు ఇక్కడివారు సొరంగాలు తవ్వడానికి వేరే రాష్ట్రాలకు వెళ్లేవారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు లోపల చిక్కుకున్న 8 మందీ పంజాబ్, జమ్మూ కాశ్మీర్, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్‌ల నుంచి వచ్చినవారు. నెలల తరబడి వెతికినా రెండు దేహాలే దొరికాయి. మట్టికి అందకపోవడం అంటే ఏమిటో ఆ కుటుంబాలను అడగాలి.

హజ్ విషయంలోనూ మనది వాయిదాల పద్ధతే. చేతిలో స్తోమత ఉన్నా, పిల్లల పెళ్లిళ్లయ్యాక, ఇల్లు కట్టాక, రిటైరయ్యాక అంటూ జరుపుతాం. 2020లో, 2021లో విదేశాల యాత్రికులకు హజ్ లేదు. 2022లో తెరిచినప్పుడు 65 ఏళ్లు దాటినవారికి అనుమతి లేదు. సరిగ్గా రిటైరయ్యాక వెళ్దామని దాచుకున్నవారే ఆ ఏడు ఆగిపోయారు. తర్వాత నియమం సడలింది. ఈలోగా మోకాళ్లు సహకరించని వారెందరో, అసలే లేకుండా పోయినవారెందరో. స్తోమత లేక వెళ్లలేనివారికి ఇందులో ఏ విచారమూ అక్కరలేదు. వారిమీద అది ఫర్జ్ కానే కాదు.

ఆడపిల్లల చదువు. దీని మీద ఈ పేజీలో చాలాసార్లు రాసి ఉన్నాం కనుక ఒక్క మాటే. వనపర్తి రాజావారి కోటలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. అరవై ఏళ్లకు పైగా ఆ గేటు ముందు నుంచి నడిచి వెళ్లిన మన ఇళ్ల పిల్లలెందరో, లోపలికి వెళ్లినవారెందరో లెక్క వేసుకోవాలి. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. ఫీజు లేదు, హాస్టలుంది, ఆడపిల్లలకు వేరుగా ఉన్నాయి. దూరం, ఖర్చు అన్న రెండు సాకులూ పోయాయి. అయినా పదో తరగతి కాగానే సంబంధం వచ్చిందని మానిపించే తల్లిదండ్రులున్నారు. షాదీ ముబారక్ సొమ్ముకు పిల్లకు 18 నిండాలి కనుక అప్పటిదాకా ఇంట్లో కూర్చోబెడతారు. ఆ రెండు మూడేళ్లలో ఇంటర్ అయిపోయేది కదా!

అన్నదమ్ముల మధ్య పలుకులు లేకపోవడం మరొకటి. ఈద్గాలో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడి, సలాం తిప్పగానే వేర్వేరు గేట్ల నుంచి వెళ్లిపోయేవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ముస్లిం తన సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానరాదన్న హదీసు వారికి తెలియక కాదు. తగువు ఎక్కడ మొదలైందని విచారిస్తే చాలాచోట్ల ఎవరో తెచ్చిన మాట. ఇప్పుడైతే ఎవరో పంపిన వాయిస్ మెసేజ్. వార్త తెచ్చినవాణ్ని బట్టి నిజానిజాలు తేల్చుకోండి, లేకుంటే తెలియక ఒకరికి హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడతారని సూరా హుజురాత్ 6వ ఆయత్ సారాంశం. ఖుర్ఆన్ అక్కడ వాడిన పదం నదామత్‌కు మూలమైన ధాతువు నుంచే వచ్చింది. తమ్ముణ్ని చంపి, ఆ శవాన్ని ఏం చేయాలో తెలియక కాకిని చూసి నేర్చుకున్న ఖాబీల్ గురించి చెప్పినప్పుడు కూడా అదే పదం వచ్చింది. మానవజాతిలో తొలి హత్య చేసినవాడి పశ్చాత్తాపమూ అన్నదమ్ముల మధ్యదే.

ఇంతకూ ఏం చేద్దాం? ఇమామ్ సాబ్‌లకూ, మసీదు కమిటీల సదర్లకూ ఒక మనవి. జనాజా ముందు చేసే ఆ ప్రకటనను మనిషి బతికుండగా చేయించండి. రంజానుకు ముందు వచ్చే షాబాన్ నెలలో ఒక జుమా రోజున ఖుత్బాకు ముందు జరిగే బయాన్‌ను దీనికే కేటాయించి, ఇళ్లకు వెళ్లి ఒక కాగితం రాయమని చెప్పండి. ఇవ్వవలసిన అప్పులు, రావలసిన అప్పులు, భార్య మహర్, ఎవరి అమానత్ మన దగ్గరుంది, తప్పిపోయిన జకాత్, ఉపవాసాలు, ఇద్దరు సాక్షుల సంతకాలు. ఒక నోటు పుస్తకం పేజీకి మించదు. జకాత్ లెక్క వేసుకునే నెల ముందు కనుక అప్పుల లెక్క ఎలాగూ కావాలి. వారసత్వ వాటాలు లెక్క కట్టడం తెలిసిన ఆలిమ్‌లు మూడు పట్టణాల్లోనూ ఉన్నారు, వారి దగ్గరకు వెళ్లడానికి ఎవరో పోవాలని చూడనక్కరలేదు. ఆడవారు కూడా తమ బంగారం, తమ అప్పులు, తమ వసీయత్ రాసుకోవాలి. అమ్మీ నగలు ఎవరికన్న గొడవతో విడిపోయిన కోడళ్లను, కూతుళ్లను మనం చూడలేదా?

తండ్రి పోయి, భూమి ఇంకా ఆయన పేరు మీదే ఉన్న ఇళ్లవారు తహసీలు కార్యాలయానికి వెళ్లవలసి వస్తుంది. 2020లో వచ్చిన ధరణి పోయి 2025 నుంచి భూభారతి నడుస్తోంది గానీ, ఆ పని పేరు మాత్రం నిజాం కాలం నుంచి మన మాటే, విరాసత్. ఆ దరఖాస్తులో వారసుల పేర్లు రాసే చోట ఇద్దరు అన్నదమ్ముల పేర్లు రాసి ఊరుకోకండి. పెబ్బేరులో ఉన్న పెద్దక్క, కొల్లాపూర్‌లో ఉన్న చిన్నక్క, హైదరాబాద్‌లో అద్దె ఇంట్లో ఉన్న చెల్లెలు, ముగ్గురికీ ఫోను చేసి ఆధార్ జిరాక్సులు తెప్పించుకుని, తల్లి పేరుతో మొదలుపెట్టి అందరి పేర్లూ రాయండి.